గుడ్డ పరచని బల్లలు

ఆ వేసవిలో నేను నలుగురి ముందు నోరు తెరిచి చెప్పిన మాట ఒక్కటే. ఆ ఒక్కటీ చెప్పకుండా ఉండాల్సింది.

నూరెన్‌బర్గ్‌లో పాత ట్రాముల షెడ్డును బీరు హాలుగా మార్చి మే మొదటి శనివారం తెరిచారు. లోపల పొడవాటి చెక్క బల్లలు వరసలుగా వేశారు. నడుమ బీరు పీపాలు, చుట్టూ గోడల వెంట తొమ్మిది తిండి కొట్లు. ఆ తొమ్మిదింటిలో ఒకటి నాది. బంగాళాదుంప ఉండలు, వాటి మీద పంది మాంసం గ్రేవీ. అంతకుమించి ఏమీ అమ్మేదాన్ని కాదు. ఉండలు చేయడం మా అక్క ఇర్మి నేర్పింది. ఉడికిన దుంప ఎంత, పచ్చి దుంప ఎంత అని ఎప్పుడూ కొలిచి చెప్పలేదు. నా చేతిని పిండిలో పెట్టి, పైనుంచి తన చేత్తో నొక్కి చూపించింది. మా అమ్మ పోయినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు, అక్కకు ఇరవై రెండు. అమ్మ చేతులు ఎలా ఉండేవో నాకు గుర్తులేదు. అక్క చేతులే గుర్తు.

కొట్టు నాకు ఖాయంగా ఇచ్చిందేమీ కాదు. సెప్టెంబరు దాకా అందరికీ పరీక్ష కాలమే. ఆ తర్వాత ఎవరు ఉండాలో ఎవరు ఖాళీ చేయాలో హాలు నడిపే సీవర్ట్ మేడమ్ చెబుతుంది. ఆమె హాంబర్గ్ మనిషి. మర్యాదగా మాట్లాడుతుంది, నవ్వుతూనే వాచీ చూసుకుంటుంది. నేను ఊళ్ళో బేకరీ పని మానేసి వచ్చాను. కొట్టు పోతే మళ్ళీ అదే బేకరీకి వెళ్ళి, అవే ట్రేలు కడగాలి. వచ్చేటప్పుడు ఊరంతా నన్ను బస్సు దాకా సాగనంపింది. అలాంటి ఊరికి తిరిగి వెళ్ళడం ఎంత కష్టమో వెళ్ళాల్సినవాళ్ళకే తెలుస్తుంది.

జనం బాగానే వచ్చారు. మొదటి ఆదివారం కూచోడానికి చోటు దొరకలేదు. కానీ వచ్చినవాళ్ళలో సగంమంది బుట్టలు పట్టుకుని వచ్చారు.

మా వైపు ఊళ్ళలో కొండను తొలిచిన గుహల్లో బీరు నిలవ ఉంచుతారు. ఎండాకాలం ఆ గుహల ముందు, చెట్ల నీడన బల్లలు వేస్తారు. బీరు అక్కడ కొనుక్కోవాలి, తిండి ఇంటి నుంచి తెచ్చుకోవచ్చు. బీరు అమ్మేవాడు ఎవరి బుట్ట వైపూ చూడడు. బుట్ట తెరవగానే ముందు గళ్ళగుడ్డ తీసి బల్ల మీద పరుస్తారు. రొట్టె, చీజ్, పొగబెట్టిన మాంసం, స్ప్రింగులా కోసి ఉప్పు చల్లిన ముల్లంగి అన్నీ ఆ తర్వాతే బయటికొస్తాయి. గుడ్డ పరిచాక ఆ పూటకి ఆ బల్ల ఆ ఇంటిది. నూరెన్‌బర్గ్‌లో చాలామంది మా వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళే. బీరు హాలు అని రాసి ఉంటే వాళ్ళకి అర్థమైంది అదే.

నా పక్క కొట్టు ఇరాక్లిస్‌ది. వేయించిన చేపలు అమ్మేవాడు. అరవై ఏళ్ళ గ్రీకు మనిషి, ఈ ఊళ్ళో నలభై ఏళ్ళుగా ఉన్నాడు.

"ఏమ్మాయ్, మీవాళ్ళు హోటలుకి కూడా చద్దిమూట కట్టుకునే వెళ్తారా?" అన్నాడు మొదటి ఆదివారం, ఎదురుగా బల్ల మీద పరుచుకుంటున్న గళ్ళగుడ్డను చూస్తూ.

"హోటలుకి వెళ్ళరు. ఇక్కడికి వస్తారు."

"ఇది హోటలు కాదేంటి మరి?"

"బీరు దొరికే చోటు. బీరు వీళ్ళది, కూడు మనది. అంతే."

"అంతే అంటావేంటి? నీ ఉండలు ఎవరు తింటారే? నా చేపలు ఎవరు తింటారు? నువ్వూ నేనూ ఒకరివొకరం తిందామా?"

నవ్వాను. కానీ సాయంత్రం కొట్టు కట్టేటప్పుడు గిన్నె అడుగున సగానికి సగం గ్రేవీ మిగిలి ఉంది. పారబోశాను. మర్నాడూ పారబోశాను. ఎముకల్ని ఆరు గంటలు మరిగించి తీసిన గ్రేవీ మురుగుకాలువ జాలీ మీద జారుకుంటూ పోతుంటే కళ్ళు తిప్పుకునేదాన్ని. మూడు వారాలు అలాగే గడిచాయి.

మే చివర ఒక సోమవారం పొద్దున సీవర్ట్ మేడమ్ కొట్లవాళ్ళందర్నీ ఒక బల్ల చుట్టూ కూచోబెట్టింది.

"ఇలా అయితే మీరెవరూ నిలదొక్కుకోలేరు," అంది. "అలాగని బయటి తిండి తేవద్దని బోర్డు పెడితే పేపర్లలో రాస్తారు. హాంబర్గ్ నుంచి ఒకావిడ వచ్చి మన నోటి దగ్గర రొట్టె లాక్కుంది అంటారు. మీలో ఎవరికైనా ఏదైనా తోస్తే చెప్పండి."



"బుట్టలు గుమ్మం దగ్గరే పెట్టించుకోండి, గొడుగుల్లాగా," అన్నాడు ఇరాక్లిస్. అందరూ నవ్వారు.

"గుడ్డ పరచనివ్వకండి," అన్నాను నేను.

అందరూ నా వైపు తిరిగారు.

"గుడ్డా?" అంది మేడమ్.

"గుడ్డ పరిస్తేగానీ వాళ్ళు తిండి బయటికి తీయరండి. ఉత్త చెక్క మీద రొట్టె పెట్టరు. తిండి తేవద్దంటే పోట్లాడతారు. గుడ్డ వద్దంటే పోట్లాడరు." అక్కడితో ఆగిపోయి ఉండొచ్చు. "సిగ్గుపడతారు," అన్నాను.

మేడమ్ పెన్ను తీసి రాసుకుంది. "శుభ్రత కోసం అని పెట్టొచ్చు. గుడ్డలు పరవరాదు, శుభ్రత కోసం. దీని మీద ఎవరు పేపర్లో రాస్తారు?" తర్వాత నన్ను చూసి, "ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారండీ ఈ తెలివి?" అంది.

మా ఊరి బడిలో రెండే గదులు. ఆ రెండు గదుల్లో ఏ ఒక్కనాడూ నేను చెయ్యెత్తి జవాబు చెప్పలేదు. తెలిసినా చెప్పేదాన్ని కాదు. కూచుని చూస్తూ ఉండేదాన్ని. ఆ సోమవారం అంతమంది నా వైపు చూసి తలలూపుతుంటే ఒళ్ళంతా వెచ్చబడింది. సంతోషమే అది. ఇప్పుడు కాదంటే అబద్ధమవుతుంది.

గుమ్మం దగ్గర బోర్డు పెట్టారు. గళ్ళగుడ్డ బొమ్మ, దాని మీద అడ్డంగా ఒక ఎర్ర గీత. హాల్లో తిరుగుతూ చూసుకునే పని డెట్లెఫ్‌ది. ఒకప్పుడు ఇదే షెడ్డులో ట్రాములు బాగుచేసినవాడు, గొంతు పెంచి మాట్లాడడం తెలియని మనిషి. మొదటిసారి అతను వెళ్ళి చెప్పింది ఒక భార్యాభర్తలకి. ఆమె గుడ్డ సగం విప్పి పట్టుకుని ఉంది.

"అయితే రొట్టె ఎక్కడ పెట్టనండీ?" అంది.

"రొట్టె వద్దనడంలేదమ్మా, గుడ్డే వద్దంటున్నాను."

ఆమె బల్ల మీద చెయ్యి పెట్టి ఒకసారి రుద్ది చూసింది. అరచెయ్యి తిప్పి చూసుకుంది. ఆ తర్వాత గుడ్డ మడిచి బుట్టలో పెట్టి మూత వేసింది. భర్త రొట్టె తీయబోతే చేతిమీద చిన్నగా తట్టింది. ఇద్దరూ కొనుక్కున్న బీరు గబగబా తాగేసి, ఎవరివైపూ చూడకుండా బయటికి నడిచారు. నేను చెప్పినట్టే జరిగింది. అక్షరం పొల్లుపోలేదు.

జూన్ సగానికి బుట్టలు రావడం తగ్గిపోయింది. కొందరు రావడమే మానేశారు. మిగతావాళ్ళు ఒట్టి చేతులతో వచ్చి కొట్ల ముందు నిలబడ్డారు. నా గిన్నె అడుగున గ్రేవీ మిగలడంలేదు. ఇరాక్లిస్ ఎవరో ఒకరికి నన్ను చూపించి, "ఇదిగో, మా రాణిగారు. ఒక్క మాటతో యుద్ధం గెలిచింది," అనేవాడు. ఆ మాట బాగానే ఉండేది వినడానికి. ఒకసారి మాత్రం అలా అన్నాక, "మా అమ్మ కూడా గుడ్డ పరిచేదమ్మాయ్, సముద్రం ఒడ్డున," అన్నాడు. ఆ తర్వాత చేపలు తిప్పుకుంటూ ఉండిపోయాడు.

అక్క గురువారాలు ఫోన్ చేసేది. జూన్ చివర్లో ఒక గురువారం, "ఎప్పుడు రమ్మంటావే మమ్మల్ని?" అంది.

"ఇప్పుడు బాగా రద్దీగా ఉందక్కా. కాస్త తగ్గనీ."

"తగ్గాక వస్తే ఏం చూస్తాం? రద్దీగా ఉన్నప్పుడే చూడాలి. మీ బావ ఊరంతా చెప్పుకుంటున్నాడు, మా మరదలికి పట్నంలో దుకాణం ఉందని. నువ్వేం కంగారుపడకు, నీ ఉండలు ఊరికే తినిపోతామని. మా తిండి మేమే తెచ్చుకుంటాంలే. బీరు మాత్రం మీ హాలుది తాగుతాం."

ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నిలబడ్డాను. అక్కా, ఇక్కడ గుడ్డ పరవనివ్వరు. నాలుగే మాటలు. చెబితే, ఎందుకని అడుగుతుంది. ఎవరు పెట్టారే ఆ రూలు అని అడుగుతుంది. దానికి ఏం చెప్పను?

"ఊ," అన్నాను.

"ఊ ఏంటే ఊ? చలిజ్వరమొచ్చిందా?"

"వినిపిస్తోందిలే అక్కా. చూసి చెప్తా."

చూసి చెప్పలేదు. ప్రతి గురువారం ఈసారి చెప్పేద్దామనే ఫోన్ తీసేదాన్ని. ప్రతి గురువారం ఆవు ఈనిందనో, చర్చి ఫాదర్‌గారి మోకాలికి ఆపరేషన్ అయిందనో అక్క చెప్పేది, నేను వినేదాన్ని. వినడం నాకు అలవాటు. అలవాటైన పని చేస్తూ ఉంటే అబద్ధం చెబుతున్నట్టు అనిపించదు.

ఆగస్టు మొదటి ఆదివారం, ఏడో తారీకు. నాకు ఎవరి పేరు పెట్టారో ఆ పునీత ఆఫ్రా పండగ రోజు. మా ఇంట్లో పుట్టినరోజు కంటే పేరు పండగే పెద్దది. కానీ నాకు ఆ రోజు గుర్తులేదు. పొద్దున్నుంచీ వరస తెగలేదు. గరిటె పట్టిన చెయ్యి పట్టినట్టే ఉంది. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు తలెత్తి చూస్తే, నా కొట్టుకి సరిగ్గా ఎదురు బల్ల దగ్గర మా అక్క నిలబడి ఉంది. చర్చికి వేసుకునే నల్లగౌను వేసుకుంది. పక్కన కిలియన్ బావ, రోడ్ల మీద పని చేసి చేసి మెడదాకా ఎర్రగా కమిలిన మనిషి, రెండు చేతులతో బుట్ట పట్టుకున్నాడు. ఇద్దరూ నన్నే చూస్తున్నారు, నేనెప్పుడు చూస్తానా అని. చూడగానే బావ చెయ్యి ఊపాడు.

"మరదలా! పండగ శుభాకాంక్షలు!" అని హాలంతా వినబడేట్టు అరిచాడు.

గరిటె ఎత్తి ఊపాను. నవ్వాను కూడా. ఆ నవ్వు మొహం మీద ఉండగానే అక్క బుట్ట తెరిచి గుడ్డ బయటికి తీసింది. అమ్మది ఆ గుడ్డ. నీలిగళ్ళు, ఒక అంచు దగ్గర మాసిక. ఇస్త్రీ చేసి తెచ్చింది. రెండు బస్సులు, ఒక రైలు మారి వచ్చినా మడత నలగలేదు. రెండు కొసలు పట్టుకుని ఒక్క విసురు విసిరింది. గుడ్డ గాల్లో లేచి, నెమ్మదిగా, నిండుగా బల్ల మీదికి దిగింది. చుట్టుపక్కలవాళ్ళు తలలు తిప్పి చూశారు. గుడ్డ మీద ముందుగా పెట్టింది ఒక చెర్రీ కేకు. దానిమీద పంచదార పొడితో నా పేరులో మొదటి అక్షరం.

నా ముందు వరసలో ఉన్నతను, "రెండు ఉండలండీ, గ్రేవీ ఎక్కువ," అన్నాడు. వడ్డించాను. మళ్ళీ తలెత్తేసరికి డెట్లెఫ్ ఆ బల్ల దగ్గర ఉన్నాడు.

"ఏంటండీ?" అంటున్నాడు బావ. "గుడ్డ వద్దంటే? ఇది గుడ్డే కదా, తారు కాదు కదా! తారయితే నేనే వద్దంటా, రోజంతా అదే నా బతుకు." తన జోకుకి తనే నవ్వాడు. డెట్లెఫ్ నవ్వలేదు. గుమ్మం దగ్గరి బోర్డు వైపు చెయ్యి చూపించాడు. అక్క అటు తిరిగి బోర్డు చూసింది. అందరి కంటే ఎక్కువసేపు చూసింది.

సీవర్ట్ మేడమ్ ఎప్పుడొచ్చిందో నా కొట్టు పక్కనే నిలబడి ఉంది. "మీకు తెలిసినవాళ్ళా?" అంది మెల్లగా.

"ఆఫ్రా! ఈయనకి కాస్త చెప్పవే, మేం నీవాళ్ళమని!" అన్నాడు బావ అటునుంచి.

"అయ్యో, మీవాళ్ళేనా?" అంది మేడమ్. "పోనీలెండి, మీవాళ్ళయితే ఈ పూటకి నేను డెట్లెఫ్‌తో..."

ఆమె వదిలేయబోయింది. ఇది మాత్రం నేను మరచిపోకూడదు. వదిలేయమని ఒక్కసారి తలూపితే సరిపోయేది. కానీ మిగతా ఎనిమిది కొట్లవాళ్ళూ చూస్తున్నారు. రూలు నేను చెప్పింది. నావాళ్ళకి ఒకటి, ఊరివాళ్ళకి ఒకటి అంటారు. సెప్టెంబరు ఎంతో దూరంలో లేదు. ఇవన్నీ అప్పుడే ఆలోచించానో, తర్వాత కల్పించుకున్నానో నిజంగా నాకు తెలియదు.

"రూలు అందరికీ ఒకటే కదండీ," అన్నాను.

మెల్లగానే అన్నాను. కానీ సరిగ్గా అప్పుడే హాలు కాస్త సద్దుమణిగింది. అక్క బోర్డు వైపు నుంచి నా వైపు తిరిగింది. ఆమె మొహంలో కోపం కనబడి ఉంటే ఎంత బావుండేదో. కొత్త పాఠం వింటున్నట్టు, సరిగా అర్థం చేసుకోవాలన్నట్టు చూసింది. ఆ తర్వాత కేకు తీసి బుట్టలో పెట్టింది. గుడ్డను కొసకి కొస కలిపి, ఇంట్లో మడిచినట్టే మడిచింది. మడిచే ముందు ఒకసారి దులిపింది, తిన్నాక దులిపినట్టు. దానిమీద అప్పటికి ఒక్క రొట్టె తునక కూడా పడలేదు.

వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు. అక్క వచ్చి నా వరసలో చివర నిలబడింది. ఆమె ముందు ఏడుగురు ఉన్నారు. ఒక్కొక్కరికీ వడ్డిస్తూ, ఒక్కొక్కరి భుజం మీదుగా ఆమెను చూస్తూ ఉన్నాను. ఎవరినీ దాటి ముందుకి రాలేదు. నన్ను పలకరించలేదు. ఒకావిడ ఏదో అడిగితే, "అవునమ్మా, మొదటిసారే వచ్చాం. హాలు బావుంది," అని చెప్పడం విన్నాను.

తన వంతు వచ్చింది.

"రెండు," అంది.

"అక్కా..."

"వెనకాల జనం ఉన్నారు. రెండు పెట్టు."

పర్సు తెరిచి పలకమీద రాసిన ధర చూసి సరిగ్గా అంతే తీసి పెట్టింది. నేను తోసేస్తే మళ్ళీ ముందుకి జరిపింది. ఇద్దరూ ఉత్త బల్ల దగ్గర కూచుని తిన్నారు. బావ రెండు మూడుసార్లు ఏదో జోకు వేయబోయి ఊరుకున్నాడు. అక్క మొత్తం తిన్నది. గ్రేవీ చుక్క మిగల్చలేదు. ప్లేట్లు తనే తెచ్చి కొట్టు మీద పెట్టి, "ఉప్పు సరిపోయింది," అంది. "ఉండ కొంచెం గట్టిపడింది. పచ్చి దుంప తగ్గించు." రైలుకి టైమైందంది. బావ వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు, వచ్చినప్పుడు ఊపినంత ఎత్తున కాదు.

సీవర్ట్ మేడమ్ నా భుజం తట్టింది. "ఈరోజు మీరు చేసింది అందరూ చేయలేరు," అంది. మెచ్చుకోలే అది.

మర్నాటి నుంచి నేను రోజూ ఫోన్ దగ్గర పెట్టుకునేదాన్ని. గురువారం అక్క చేయలేదు. ఆ తర్వాతి గురువారం కూడా. మూడో వారం బావ చేశాడు. పని దగ్గర నుంచి చేశాడనుకుంటా, వెనక రోడ్డు రోలరు చప్పుడు.

"ఏం మరదలా, బాగున్నావా?"

"అక్క కోపంగా ఉందా బావా?"

"కోపమా? లేదే. నిన్ను ఒక్కమాట అనలేదు. నేనేదో అనబోతే నన్నే తిట్టింది, దాని ఉద్యోగం దానికుంటుంది, నువ్వెందుకు అరిచావు అందరి ముందూ అని." "ఒకటి మాత్రం అడిగింది. రైల్లో. గుడ్డ సంగతి పట్నంవాళ్ళకి ఎలా తెలిసిందంటావ్ అని. నాకేం తెలుసు అన్నాను. నీకేమైనా తెలుసా?"



"లేదు బావా," అన్నాను.

అతను సరే అన్నాడు. నమ్మాడు కూడా. అతను నమ్మడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

సెప్టెంబరు రెండో వారంలో సీవర్ట్ మేడమ్ నన్ను పిలిచి, అక్టోబరు నుంచి గుమ్మానికి దగ్గర్లో ఉన్న పెద్ద కొట్టు నాకు ఇస్తానంది. ఇరాక్లిస్ చేపల కొట్టు ఎత్తేస్తున్నారు. వేయించే నూనె పొగకి గోడలు పాడవుతున్నాయట. కొత్త కొట్టు సంగతి నేను ఎత్తకముందే అతనే, "నీ ఈ మూల కొట్టు కంటే గుమ్మం దగ్గరిది నయం, గాలి ఆడుతుంది," అన్నాడు. పనిముట్లన్నీ నూనె తుడిచి పెట్టెలో సర్దుకున్నాడు. ఆ రోజే నేను అక్క దగ్గరికి వెళ్ళాలని నిశ్చయించుకున్నాను.

ఏటా సెప్టెంబరు ఆఖరి ఆదివారం మా ఊరి గుహల దగ్గర బీరు అమ్మకానికి ఆఖరి రోజు. ఆ తర్వాత వసంతం దాకా తలుపులు మూసేస్తారు. మిట్టమధ్యాహ్నం బస్సు దిగి తిన్నగా కొండెక్కాను. ఎండ పలచగా ఉంది. ఊళ్ళోవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. "ఏమే పట్నందానా!" అని ఒకరు, "ఉండల రాణి వచ్చింది" అని ఒకరు. అక్కావాళ్ళు మామూలుగా కూచునే బల్ల దగ్గరే కూచున్నారు. నన్ను చూసి బావ లేచి చోటిచ్చాడు.

"వచ్చావా," అంది అక్క. "తిన్నావా?"

"లేదు."

"మంచిపని చేశావ్. బోలెడు తెచ్చాను."

బుట్ట తెరిచింది. గుడ్డ తీస్తుంటే నేను లేచి రెండో కొస పట్టుకోబోయాను. చిన్నప్పటి నుంచీ ఆ కొస నాదే.

"నువ్వు కూచో," అంది. "ప్రయాణం చేసొచ్చావు." రెండో కొస బావ పట్టుకున్నాడు. అతనికి అలవాటు లేక వంకరగా పరిచాడు. అక్క ఏమీ అనకుండా సర్దింది.

బావ బీరు తేవడానికి వెళ్ళాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇంక చెప్పలేననిపించింది.

"అక్కా, ఆ గుడ్డ మాట చెప్పింది నేనే."

ఆమె రొట్టె కోస్తోంది. చాకు ఆగలేదు.

"తెలుసు," అంది.

"ఎప్పటి నుంచి?"

"ఆ బోర్డు చదివినప్పుడే. హాంబర్గ్ మనిషికి ఆ ఆలోచన వస్తుందా? మనింట్లో పెరిగినదానికే వస్తుంది." ముక్క కోసి పక్కన పెట్టింది. "బాగానే ఆలోచించావు. నేను బడికి పంపింది ఊరికే పోలేదు."

"వెటకారమా అక్కా?"

"లేదే. నిజంగానే."

"మరి నన్నెందుకు అడగలేదు? రైల్లో బావని అడిగావట. నన్నే అడగొచ్చు కదా."

అప్పుడు చాకు ఆగింది. కొండ కిందికి చూసింది. ఆమె కళ్ళ కింద చర్మం పలచబడిందని నేను అప్పుడే గమనించాను. ముప్ఫయ్యెనిమిదేళ్ళకే.

"అడిగితే అబద్ధం చెబుతావేమోనని," అంది. "నువ్వు నాతో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. ఆ ఒక్కటీ ఉండనీ అనుకున్నా."

బావకి అప్పటికే ఒక అబద్ధం చెప్పి ఉన్నాను. ఆ సంగతి ఆమెకు తెలుసో తెలియదో ఆ రోజుకీ ఈ రోజుకీ నేను అడగలేదు.

"అక్కా, నన్ను తిట్టు."

"దేనికి తిట్టను? కొట్టు నీకే ఉంటుందా?"

"ఉంటుంది. ఇంకా పెద్దది ఇచ్చారు."

"మంచిది," అంది. మనస్ఫూర్తిగానే అంది. "శీతాకాలం చలికి కాళ్ళు పగులుతాయి అక్కడ నిలబడితే. ఉన్ని మేజోళ్ళు పంపిస్తాలే."

బావ మూడు గ్లాసులతో వచ్చాడు. దారిలో ఎవరో ఏదో అన్నారు కాబోలు, నవ్వుకుంటూ వచ్చాడు. ముగ్గురం గ్లాసులు తాకించుకున్నాం. అక్క పళ్ళెంలో రొట్టె పెట్టి, పైన మాంసం, పక్కన ముల్లంగి, ఊరవేసిన దోసకాయ సర్దింది. మా ఇంట్లో వడ్డన ఎప్పుడూ ఒకే పద్ధతి. ఎవరైనా చుట్టాలొస్తే ముందు వాళ్ళకి, తర్వాత బావకి. ఆ తర్వాత అక్క రొట్టె చివరి ముక్కను రెండుగా చీల్చి సగం నాకు ఇచ్చి, సగం తను తినేది. ఆ చివరి ముక్క గట్టిగా, మాడుగా ఉంటుంది. చిన్నప్పుడు దానికోసం అక్క ఒళ్ళో కూచుని కాచుకునేదాన్ని.

అక్క మొదటి పళ్ళెం తీసి నా ముందు పెట్టింది.

"తిను, మొహమాటపడకు," అంది.

తిన్నాను. కొంచెం తిన్నాక, చాలా బావుందని చెప్పాను. ఇంకొంచెం వేసుకోమంటే చాలు చాలని చెయ్యి అడ్డం పెట్టాను. చుట్టాలు అలాగే అంటారు.